గోదావరి మేటల వెంట: పాపికొండల నుంచి ఉప్పాడ వరకు

గోదావరి జిల్లాలకు వెళ్లి వచ్చినవారు రాసే అనుభవాల్లో కొబ్బరి తోటలు, పూతరేకులు, పడవలో భోజనం తప్పకుండా ఉంటాయి గానీ, ఆ తోటలు నిలబడిన నేల ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రస్తావన అరుదుగా కనిపిస్తుంది. కోనసీమ అంతా నది మోసుకొచ్చి పోసిన మట్టే. నాసిక్ దగ్గరి త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరి, దక్కను పీఠభూమి నల్లరాళ్లను, తూర్పు కనుమల గట్టి రాతిని అరగదీసి తెచ్చిన ఇసుకనూ ఒండ్రునూ వేల ఏళ్లుగా ఇక్కడ మేట వేస్తూ సముద్రాన్ని వెనక్కు నెట్టింది. ఆ పని ఇప్పటికీ ఎక్కడ సాగుతోంది, ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ తిరగబడింది అన్నది చూడటమే ఉద్దేశంగా పాపికొండల నుంచి ఉప్పాడ వరకు నది వాలున చేసిన ప్రయాణం ఇది. కాబట్టి ప్రతిచోటునూ రెండు విధాలుగా తూచాను: నది పని అక్కడ ఎంత స్పష్టంగా కంటికి కనబడుతుంది, అది చూడటానికి కావలసిన బస, పడవ, తిండి వంటి ఏర్పాట్లు ఎలా ఉన్నాయి.

ముందుగా కాలం విషయం. గోదావరి తెచ్చే మట్టిలో దాదాపు అంతా జూలై నుంచి అక్టోబరు వరకు వచ్చే వరదల్లోనే వస్తుంది. ఆ రోజుల్లో ఒడ్డున ఉన్నవారు ‘ఎర్ర నీరు వచ్చింది’ అంటారు, పులస చేప కోసం ఎదురుచూసేదీ అప్పుడే. అయితే ఎర్ర నీటిలో ప్రయాణం పెట్టుకుంటే మట్టి వెళ్లడం తెలుస్తుంది గానీ దిగడం తెలియదు. పైగా పడవలు నిలిపివేస్తారు, నది మధ్య దీవులైన లంకల్లోకి దారులు మునుగుతాయి. నవంబరు మూడో వారం నుంచి జనవరి వరకు నీరు తేరుకుని, మట్టం తగ్గి, ఆ ఏడాది కొత్తగా పడిన మేటలు పూర్తిగా బయటపడతాయి. ఒండ్రు ఆరి పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. వేసవిలోనూ మేటలు కనబడతాయి గానీ ఏప్రిల్ ఎండలో ఇసుక మీద నడవడం సాధ్యం కాదు. కార్తీక మాసంలో మాత్రం రాజమండ్రిలో గదులు దొరకడం కష్టం, ధరలూ పెరుగుతాయి.

పాపికొండల పడవ ప్రయాణం గురించి నా అభిప్రాయం మిశ్రమం. రాజమండ్రి వైపు నుంచి వెళ్లేవారు సాధారణంగా గండి పోచమ్మ గుడి దగ్గర పడవ ఎక్కుతారు. తూర్పు కనుమలను కోసుకుని వచ్చే ఈ ఇరుకులో నది వెడల్పు కొన్నిచోట్ల రెండు మూడు వందల మీటర్లకు మించదు; ఇక్కడి నుంచి దిగువన రాజమండ్రి దగ్గర అదే నది మీద రైలు వంతెన పొడవు దాదాపు 2.8 కిలోమీటర్లు. ఈ రెండు కొలతలను మనసులో ఉంచుకుంటే మిగిలిన ప్రయాణం అంతా అర్థమవుతుంది. ఇరుకులో వడి ఎక్కువ, వడి ఉన్నంతసేపూ నీరు మట్టిని వదలదు, అడుగును తొలుస్తూ లోతు పెంచుకుంటుంది. కొండ దాటి మైదానంలోకి రాగానే వెడల్పు పెరుగుతుంది, వడి తగ్గుతుంది, మోసే శక్తి తగ్గుతుంది. బరువైన గులక, ముతక ఇసుక ముందుగా దిగిపోతాయి, సన్నని ఇసుక ఆ తరువాత, ఒండ్రు ఇంకా దూరంగా, బంకమట్టి చివరగా. కొండల మధ్య ఈ వరుసకు మొదటి మెట్టును మాత్రమే చూస్తాం.

సేవల సంగతికి వస్తే, లైఫ్ జాకెట్ల విషయంలో ఇప్పుడు పట్టింపు బాగానే ఉంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఎందరో చనిపోయిన తరువాత అనుమతులు, నీటిమట్టం పరిశీలన కట్టుదిట్టం చేశారు. వరద మట్టం పెరిగితే ప్రయాణాలు ఆపేస్తారు కాబట్టి ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. మేము ఎక్కిన పడవలో భోజనం వేడిగా, సరిపడా పెట్టారు. కానీ ఉదయం నుంచి సాయంత్రం వరకు పెద్ద స్పీకర్లలో పాటలు మోగుతూనే ఉన్నాయి, పక్కనున్నవారితో మాట్లాడాలన్నా అరవాల్సి వచ్చింది. తగ్గించమని అడిగితే ‘అందరూ ఇవే కావాలంటారండీ’ అని నవ్వి ఊరుకున్నారు. పేరంటాలపల్లి దగ్గర దిగినప్పుడు మాత్రమే నది చప్పుడు వినబడింది. గతంలో కొల్లూరు ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెల్లో రాత్రి బస ఉండేది. పోలవరం ఆనకట్టకు ఎగువన నీరు నిలవడం మొదలైన తరువాత పాత తిన్నెలు చాలావరకు మునిగాయి, కాబట్టి పాత ఫొటోలు చూపించి రాత్రి బస అమ్మేవారిని ‘ఇప్పుడు ఆ చోటు ఉందా’ అని సూటిగా అడగాలి. ప్రవాహం నిలిచిన చోట మట్టి కూడా నిలుస్తుంది. ఇకపై సముద్రం దాకా వెళ్లవలసిన మట్టిలో కొంత ఈ కొండల మధ్యే ఆగిపోతుందన్న ఆలోచన దిగువకు వచ్చేకొద్దీ బరువెక్కింది.

రాజమండ్రిలో బసకు ఇబ్బంది లేదు. ఘాట్ల వైపు గది తీసుకోవాలా, స్టేషన్ వైపు తీసుకోవాలా అని అడిగితే, కొంచెం పాతదైనా ఘాట్ల వైపే మేలంటాను. ఉదయాన్నే పుష్కర ఘాట్ నుంచి నడుస్తూ నది మధ్యలోని లంకలను చూడవచ్చు. 1900లో వాడుకలోకి వచ్చి 1997లో విశ్రాంతి తీసుకున్న హేవలాక్ వంతెన స్తంభాల చుట్టూ ఇసుక పోగుపడిన తీరు గమనించదగినది: అడ్డు తగిలిన చోట నీరు చీలి, వెనుక నెమ్మదించి, ఇసుకను జారవిడుస్తుంది. ఒక లంక పుట్టుక కూడా ఇలాగే మొదలవుతుంది. ఒక దుంగ, ఒక రాయి, లేదా పాత మేట అడ్డు నిలుస్తుంది. దాని వెనుక ఇసుక చేరుతుంది. మరుసటి ఏడాది రెల్లు మొలుస్తుంది. రెల్లు నీటి వడిని ఇంకా తగ్గించి ఒండ్రును పట్టుకుంటుంది. కొన్నేళ్లకు పశువులు, ఆ తరువాత పంటలు వస్తాయి. ఘాట్ల దగ్గర పడవలవాళ్లు అడిగిన మొత్తాన్ని బేరం చేయవచ్చు, కానీ ‘లంక చుట్టూ తిప్పి, దిగువ కొసన దింపాలి’ అని ముందే చెప్పాలి, లేకపోతే వంతెనల కింద ఒక చుట్టు తిప్పి తెచ్చేస్తారు. దిగువ కొసలో మేట వాలు చాలా సున్నితంగా ఉంటుంది. ఎగువ కొసలో గట్టు నిలువుగా తెగి ఉంటుంది. ఎగువన కోసుకుపోతూ దిగువన పెరుగుతూ లంక మొత్తంగా నెమ్మదిగా వాలున జరుగుతుందన్న సంగతి అక్కడ నిలబడితే వివరించనక్కరలేదు.

ధవళేశ్వరం తప్పకుండా చూడాలి. డెల్టా ఇక్కడే మొదలవుతుంది: ఎడమ పాయ గౌతమి, కుడి పాయ వశిష్ఠ. నది ఇక్కడ బాగా విస్తరించి, లంకలతో నాలుగు ముక్కలుగా చీలి ఉండటం వల్లనే ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేయగలిగాడు. అంటే ఆయన కట్టడానికి సగం పునాది గోదావరి తానే మేట వేసి ఇచ్చింది. 1982లో పూర్తయిన ఇప్పటి బ్యారేజీ కూడా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, 175 గేట్లతో, దాదాపు మూడున్నర కిలోమీటర్లు సాగుతుంది. కాటన్ మ్యూజియంలో నమూనాలు, పాత పనిముట్లు, ఛాయాచిత్రాలు ఉన్నాయి. రుసుము నామమాత్రం, జనం తక్కువ. వివరణ పలకలు మాత్రం నీటిపారుదల గురించి చెప్పినంతగా మట్టి గురించి చెప్పవు. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో ఇక్కడి నుంచి దాదాపు 35 లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్లాయి. ఆ సంఖ్యను గుర్తుంచుకుని, డిసెంబరులో గేట్ల కింద బయటపడిన బండలను, వాటి పక్కన పిల్లలు ఆడుకునే ఇసుకను చూస్తే నదికి ఉన్న రెండు రూపాలు తెలుస్తాయి.

ఈ యాత్రలో అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసినది పి.గన్నవరం చుట్టుపక్కల లంకలకు. టూర్ ప్యాకేజీల్లో ఇవి ఉండవు. వశిష్ఠ నుంచి వైనతేయ చీలేది ఇక్కడే, ఆ పాయ మీదుగా పంటకాలువను దాటించే అక్విడక్టు ఉన్నదీ ఇక్కడే. కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. దారిన పోయేవారికి వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన ఆ తల్లి లంకల గన్నవరం వాసి. ఇప్పుడు వచ్చేవారికి బస ఆ స్థాయిలో లేదు; ఊళ్లో చిన్న లాడ్జీలు తప్ప చెప్పుకోదగినవి లేవు, అమలాపురంలో దిగి ఉదయాన్నే రావడం నయం. ఆటో మాట్లాడుకుంటే రేవు దాకా వెళ్లి అక్కడి నుంచి నాటు పడవలో లంకలోకి దాటవచ్చు. రేవులో టికెట్టు చిల్లర సిద్ధంగా ఉంచుకోవాలి.

మమ్మల్ని దాటించిన పడవ లంకకు చేరిన చోట గట్టు ఆరడుగులకు పైగా నిలువునా తెగి, పుస్తకం అంచులా పొరలు కనబడుతోంది. పైన బెత్తెడు మందాన గోధుమ రంగు ఒండ్రు, అది వేలితో నొక్కితే పిండిలా రాలుతోంది, దాని కింద జానెడు మెరిసే ఇసుక, మళ్లీ నల్లని బంకమట్టి సన్నని గీత, మళ్లీ ఇసుక. అరటి తోటకు నీరు పెట్టుకుంటున్న రైతు మేము వేళ్లతో పొరలు కొలుస్తుంటే చూసి దగ్గరకు వచ్చారు. ‘పైన మెత్తగా ఉన్నది ఈ ఏటి వరదదండీ. దాని కింద ఇసుక ఉంది చూడండి, అది ఇరవై రెండులో వచ్చిన పెద్ద వరదదండి, ఆయ్. అప్పుడు నా చేలో మోకాటి లోతు ఇసుక మేటేసేసింది’ అన్నారు. ప్రతి పొరకూ సంవత్సరం చెప్పడం ఎంతవరకు నమ్మదగినదో గానీ, ఆయన చెప్పిన సూత్రం సరైనదే: వడిగా వచ్చిన వరద ఇసుకను పోస్తుంది, అది నిలిచి నెమ్మదిగా తీసేటప్పుడు ఒండ్రును పరుస్తుంది. ఒండ్రు పడిన ఏడాది ఎరువు ఖర్చు తగ్గుతుంది, ఇసుక పడిన ఏడాది ఆ ఇసుక ఎత్తి పోయడానికే పంట డబ్బు సరిపోతుంది. ఒకప్పుడు చుట్టలకు పేరుపడిన లంక పొగాకు, ఇప్పటి కూరగాయలు, పసుపు, అరటి అన్నీ ఈ పొరల మీద పండేవే.

అక్కడే గమనించవలసినది మరొకటి ఉంది. ఏటిగట్టు ఎక్కి ఒకసారి నది వైపు, ఒకసారి ఊరి వైపు చూడాలి. సహజంగా నది పొంగినప్పుడు ముతక మట్టి ఒడ్డునే పడి, సన్నది దూరంగా పోయి పడుతుంది; అందువల్ల డెల్టాలో నది ఒడ్డు మెరకగా, దాని వెనుక పొలాలు పల్లంగా ఉంటాయి. కొబ్బరి, ఇళ్లు, పాత రోడ్లు మెరక మీద, వరి పల్లంలో ఉండటానికి కారణం ఇదే. గట్లు వేసిన తరువాత వరద ఊళ్లలోకి రాదు, ప్రాణాలు దక్కుతాయి. అయితే దానితో పాటు ఒండ్రు కూడా రాదు. గట్ల వెలుపలి కోనసీమలో నది నేలను పోయడం మానేసి నూటయాభై ఏళ్లు దాటుతోంది. గట్ల మధ్యన మిగిలిన లంకల్లో మాత్రమే ఆ పని ఇంకా బతికి ఉంది, అందుకే వీటికి నా జాబితాలో మొదటి స్థానం. అదే లంక మట్టిని ఇటుక బట్టీలకూ, ఇసుకను ర్యాంపుల నుంచి లారీలకూ ఎత్తుతున్న దృశ్యం కూడా ఇక్కడే కనబడుతుంది. ఎదురొడ్డున వంపు తిరిగే చోట గట్టు కోసుకుపోకుండా గ్రోయిన్లు (ఒడ్డు నుంచి నదిలోకి చొచ్చుకొచ్చే అడ్డుకట్టలు) వేశారు. వంపు బయటి వైపు కోత, లోపలి వైపు మేట పడుతుందన్న పాఠ్యపుస్తకపు వాక్యానికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు.

రాత్రి బసకు డిండి ప్రాంతం అందమైనది. వశిష్ఠ ఒడ్డున టూరిజం శాఖ రిసార్టు, ప్రైవేటు రిసార్టులు, హౌస్‌బోట్లు ఉన్నాయి. వారాంతాల్లో ధరలు బాగా పెరుగుతాయి, సోమవారం నుంచి గురువారం లోపు వెళ్లగలిగితే అదే గది నెమ్మదిగా, ప్రశాంతంగా దొరుకుతుంది. మేము దిగిన ఒక ప్రైవేటు బసలో ‘రివర్ వ్యూ’ అని అదనంగా వసూలు చేసిన గది కిటికీకి ఎదురుగా జనరేటర్ షెడ్డు ఉంది. మార్చమని అడిగితే గంటన్నర తరువాత మార్చారు. భోజనంలో చేపల పులుసు మాత్రం చాలా బాగుంది. హౌస్‌బోటు రాత్రంతా ఒకేచోట కట్టి ఉంటుంది కాబట్టి, నదిని చూడటానికి అది అవసరం లేదు. సాయంత్రం గంటసేపు చిన్న పడవ చాలు. చించినాడ వంతెన మీద నిలబడితే నది మధ్య కొత్తగా లేస్తున్న మేటలు పై నుంచి స్పష్టంగా కనబడతాయి.

అంతర్వేదికి రెండు దారులున్నాయి. రోడ్డు మీదుగా రావడం సులభం. కానీ నరసాపురం వరకు రైలులో వచ్చి, అక్కడి రేవులో పంటు (వాహనాలనూ దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి దాటి రావడమే నా సిఫారసు. బైకులు, కార్లు, మేకలు, కొబ్బరి బస్తాలు అన్నీ ఒకే పంటులో ఎక్కుతాయి. అవతలి ఒడ్డుకు తిన్నగా వెళ్లకుండా సరంగు వంకరగా తిప్పుకుని వెళ్తుంటే, అడ్డు వచ్చిన మేటను తప్పిస్తున్నాడని అర్థం. పోటు సమయంలో నీరు ఎదురు నడుస్తుంది. సముద్రపు పోటు ఇంత లోపలికి వచ్చి నది వడిని ఆపుతుంది కాబట్టే పాయల చివరి భాగాల్లో ఇంత మేట పడుతుంది.

లక్ష్మీనరసింహస్వామి దర్శనం తరువాత చాలామంది తిరిగి వెళ్లిపోతారు. ఆటో మాట్లాడుకుని అన్నాచెల్లెళ్ల గట్టు వరకు వెళ్లాలి. నది సముద్రంలోకి దూకే చోట రెండింటి మధ్య నిలిచిన ఇసుక పట్టీ అది: ఒక పక్క గోధుమ రంగు నీరు, ఇంకో పక్క ఉప్పు నీటి అలలు. ఉప్పు తగలగానే నీటిలో తేలే సన్నని బంకమట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి కిందికి దిగుతాయి. అలలు తెచ్చిన ఇసుకను నది తోసేస్తుంది, నది తెచ్చిన ఇసుకను అలలు తిరిగి ఒడ్డుకు వేస్తాయి. పాటు సమయంలో, అంటే సముద్రపు నీరు వెనక్కు తీసినప్పుడు, వెళ్తేనే ఈ గట్టు పూర్తిగా బయటపడి ఉంటుంది, ముందుగా జాలరులను అడిగి వేళ తెలుసుకోవాలి. ఇసుకలో అక్కడక్కడా నల్లని చారలు కనబడతాయి. అవి ఇల్మెనైటు వంటి బరువైన ఖనిజాలు, తూర్పు కనుమల రాతి నుంచి వచ్చినవి. పాపికొండల్లో చూసిన రాయిని ఇక్కడ అరచేతిలో పట్టుకోవచ్చు. భీష్మ ఏకాదశి రోజుల్లో ఇక్కడ లక్షల జనం ఉంటారు, దర్శనం కోసమైతే సరే గానీ ఇవన్నీ చూడటానికి అది సమయం కాదు. తీరం వెంట లోపలికి తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పదేపదే ఇసుక మెరక ఎక్కి పల్లంలోకి దిగుతుంది: సరుగుడు, కొబ్బరి ఉన్న ప్రతి మెరకా ఒకనాటి సముద్ర తీరం. పల్లాల్లో ఒకప్పుడు వరి ఉండేది, ఇప్పుడు ఎక్కువగా రొయ్యల చెరువులే.

అక్కడి నుంచి యానాం, కోరంగి. యానాంలో గౌతమి ఒడ్డు శుభ్రంగా ఉంది, బసలు చవక, శనివారం రాత్రి మాత్రం మద్యం కోసం వచ్చేవారి సందడి ఎక్కువ. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరంగి మడ అడవి ఈ యాత్రలో సేవల పరంగా బాగా నడుస్తున్న చోటు. మడ చెట్ల మధ్య చెక్క వంతెన దారి, టికెట్టు కౌంటరు, మరుగుదొడ్లు అన్నీ పద్ధతిగా ఉన్నాయి. దోమల మందు మాత్రం వెంట ఉండాలి. నేల నుంచి మేకుల్లా పైకి లేచిన మడ వేళ్ల మధ్య పాటు నీరు తీసేటప్పుడు చూస్తే, ప్రతి వేరు చుట్టూ పల్చని బురద ఉంగరం మిగులుతుంది. లంకలో రెల్లు చేసే పనిని ఇక్కడ మడ చేస్తోంది. ఈ బురదే ఒకప్పటి కోరంగి ఓడరేవును మూసేసింది. 1839 నవంబరు తుపాను తరువాత ఆ రేవు కోలుకోలేదు. ఆ రేవు నుంచి ఎందరు వెళ్లారో గానీ, బర్మాలో తెలుగువారికి కోరంగీలన్న పేరే మిగిలింది.

కాకినాడ ఎదుట సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్‌కు పడవ అనుమతులు ఎప్పుడూ ఒకలా ఉండవు, తాబేళ్లు గుడ్లు పెట్టే జనవరి నుంచి మార్చి వరకు ఇంకా కట్టడి ఉంటుంది. దానికోసమే ప్రయాణం పెట్టుకోవద్దు. దొరికితే మాత్రం వదలకూడదు. గోదావరి సముద్రంలో పోసిన ఇసుకను తీరం వెంట సాగే ప్రవాహం ఉత్తరానికి లాక్కెళ్లి, పదహారు కిలోమీటర్ల పొడవైన ఈ దిబ్బను రెండు వందల ఏళ్ల పరిధిలోనే కట్టింది, కాకినాడ రేవుకు అలల నుంచి రక్షణ ఇస్తున్నదీ ఇదే. అయితే ఈ దిబ్బ, రేవు కట్టడాలు ఇసుకను ఆపేయడంతో ఇంకా ఉత్తరాన ఉన్న ఉప్పాడకు అందవలసింది అందదు. అక్కడ సముద్రం ఊరిని కోస్తోంది. దీనికి తోడు నదిలో వచ్చే మట్టే తగ్గిపోయింది: 1970లలో ఏటా 14 కోట్ల టన్నులకు పైగా ఉన్న మట్టి, ఎగువ ఆనకట్టల వల్ల 1990ల నాటికి ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిందని పరిశోధకులు లెక్కగట్టారు. అంతర్వేది దగ్గర పల్లిపాలెం వైపు కూడా సముద్రం ముందుకు వస్తోంది.

ఉప్పాడ బీచ్ రోడ్డు ప్రతి వాయుగుండానికీ ఎక్కడో ఒకచోట తెగుతుంది. సముద్రం పోటు మీద ఉన్న రోజుల్లో అటు కారులో వెళ్లకుండా పిఠాపురం మీదుగా ఊళ్లోకి రావాలి. బస ఉప్పాడలో వెతకవద్దు, కాకినాడలోనే ఉండి ఉదయం తొమ్మిదిలోపు వచ్చి వెళ్లడం సరిపోతుంది. మగ్గాల దగ్గర జాందానీ చీరలు చూడాలనుకుంటే మధ్యాహ్నం వరకు ఆగాలి.